ఓనరమ్మగారి కిటికీ

కిందటి మంగళవారం మధ్యాహ్నం మా ఓనరమ్మగారు కన్నుమూశారు. కబురు పైకి తెచ్చింది ఆవిడ మేనకోడలు. "ఆంటీ పోయింది. ఆవిడ గది కిటికీ తెరుచుకోవడం లేదు, ఒకసారి వస్తారా?" అంది. ప్రాణం పోగానే కిటికీ తీసి ఆత్మకి దారివ్వడం ఇక్కడ ఐర్లండ్‌లో ఆచారం. కిటికీ తెరవడానికి నన్ను పిలవడమేమిటి అనుకుంటూ మెట్లు దిగాను. ఒకప్పుడు ఆ ఇంట్లో కిటికీలు మూసేసిన ఘనురాలిని నేనే మరి!

కిల్కెన్నీలో జార్జి రాజుల కాలంలో కట్టిన, రెండు శతాబ్దాలు దాటిన జార్జియన్ ఇల్లది. తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం. పై అంతస్తుకి వెళ్లేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి. "కింద దొరలు, పైన పనివాళ్లు ఉండేవారు, అందుకే నీది చిన్నది" అన్నారు ఓనరమ్మగారు, నేను చేరిన రోజున. నేను డాక్టర్నండీ అన్నాను. "అయితే ఇల్లు బాగుపడింది" అని నవ్వారు.

మొదటి చలికాలం, సందుల్లోంచి గాలి కోసేస్తోంది. గుంటూరు నుంచి పచ్చళ్లు తెచ్చిన అట్టపెట్టెకి చుట్టగా మిగిలిన టేపుతో కిటికీలన్నీ బిగించేశాను. నెల తిరక్కుండా గోడంతా చెమ్మ, నల్లటి బూజు. ఓనరమ్మగారు వచ్చి చూశారు. ఇంకేముంది, లీజు పోయిందనుకున్నాను. ఆవిడ గోటితో టేపు మెల్లగా ఒలుస్తుంటే పాత రంగు కూడా ఊడొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇంటికి కూడా ఊపిరాడాలి అమ్మాయీ" అన్నారంతే. నా చెయ్యి పట్టుకుని, పైకి జరిపి తెరిచే ఆ కిటికీ చట్రం మీద పెట్టారు. దాని లోపల తాడుకి ఇనప గుండు వేలాడుతుందట, అద్దం బరువంతా అదే మోస్తుందట. "బలవంతం చెయ్యకు. ముందు కొంచెం కిందికి నొక్కు, అప్పుడు పైకి వస్తుంది." వచ్చింది. "గ్రాండ్!" అన్నారు, బాగుందనడానికి ఇక్కడి మాట అది.

ఆ తర్వాత ఆదివారాలు ఆవిడ కిటికీ దగ్గరే టీ తాగేవాళ్లం. ఆ పాత గాజులోంచి చూస్తే వీధి నీళ్లలో ఉన్నట్టు కదిలేది. కొత్తది వేయించుకోవచ్చుగా అంటే, "ఎవరో నోటితో ఊదిన గాజిది. వాళ్ల ఊపిరి ఇందులో ఉంది, ఎలా తీసేస్తాను?" అనేవారు. పరాయి దేశంలో నాకు అమ్మ దగ్గర కూర్చున్నట్టుండేది.

మంగళవారం ఆ కిటికీ ముందు నిలబడ్డాను. వానలకి చెక్క ఉబ్బిపోయింది. కిందికి నొక్కాను. మళ్లీ నొక్కాను. చట్రంలో గుండు కదిలిన చప్పుడైంది, అద్దం పైకి లేచింది. గ్రాండ్ అనాల్సిన మనిషి మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నారు. ఏడుపు ఆగలేదు.

లేసు తెర ఒక్కసారి బయటికి ఎగిరి, వీధి వైపు చాలాసేపు అలాగే నిలిచింది.