ఎడమకు తిరిగిన గొర్రె

కోడిగుడ్డు ఆకారంలో ఉండే గెలాక్సీలు ఎలా తిరుగుతున్నాయో, వాటి అసలు రూపమేమిటో లెక్కగట్టే కంప్యూటర్ ఫంక్షన్లు రాయడం నా పని. గెలాక్సీ ఎంత వాలి ఉందో ఊహించి ఇస్తే, అది పైకి ఎలా కనిపించాలో ఫంక్షన్ చెబుతుంది. దాన్ని టెలిస్కోపు తీసిన బొమ్మతో పోల్చుకోవాలి. ఆ ఏడు నా ప్రాణం తీసిన గెలాక్సీకి ఏ వాలు ఇచ్చినా బొమ్మ సరిపోయేది. అన్నీ సరిపోతే ఏదీ తేలనట్టే. హైదరాబాదులో తల బద్దలుకొట్టుకుని, విసుగెత్తి, మోత్కూరు దగ్గర మా ఊరికి వచ్చేశాను.

వచ్చేసరికి బాపు మందలో ఒక గొర్రె తల వంకరగా పెట్టి, ఎడమకే గుండ్రంగా తిరుగుతోంది. తల్లి చస్తే సీసాపాలు పట్టి సాకిన గొర్రె అది. ఈత దగ్గరపడింది. పశువుల డాక్టరు వచ్చి దాని నెత్తి ఒత్తి చూశాడు. మెదడులో నీటిబుగ్గ ఉందన్నాడు.

"కోసి తియ్యొచ్చు. ఎక్కువగ ఏ దిక్కు తిరిగితె ఆ దిక్కే ఉంటది. కని ఖాయం లేదు. తప్పు దిక్కు కోస్తె పానం పోతది."

బాపు నన్ను చూశాడు. "బిడ్డా, తిరుగుడు చూసి లోపటేమున్నదో చెప్పుడే గద నీ చదువు. గిది ఏ దిక్కున్నదో జర చెప్పు."

నా చదువు గురించి ఆయనకు అలా చెప్పింది నేనే. ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు.

"గది వేరే, బాపూ."

"వేరేంది? గంత దూరమున్నదాన్నే చెప్తవు. గిది కండ్లముంగటనే ఉన్నదాయె."

నిజంగానే కూర్చుని చూశాను. అది తిరుగుతూ వచ్చి నా మోకాలికి తగిలి, మళ్లీ ఎడమకే పోయింది. ఏం చూడాలో కూడా నాకు తెలియలేదు.

"తెల్వది బాపూ," అన్నాను. ఏడుపొచ్చింది.

డాక్టరు కూడా కత్తి పట్టనన్నాడు. గొర్రె మేత మానేసి, నిలబడలేక, కడుపులో పిల్లతో పాటే పోయింది. పాతిపెట్టి వచ్చాక చిన్నాయిన వాకిట్లో కూర్చుని డాక్టరును తిట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు జీతం తీసుకోవడం తప్ప ఏమీ రాదన్నాడు.

బాపు పార కడుగుతూనే ఆయన్ని ఆపాడు. "ఆయన్నెందుకంటవు తమ్మీ. నా బిడ్డకే అంతు చిక్కలె. ఇగ ఆయనకేం తెలుస్తది."

గర్వంగా అన్నాడు ఆ మాట. నాకు అక్కడి నుంచి ఎటన్నా పారిపోవాలనిపించింది.