ముప్పయ్యేడు సూత్రాల చెరువు

“మీ కంప్యూటర్‌కి ముక్కుందా సారూ?” అని చేపల చెరువు అక్క ఫోన్లోనే అడిగేసింది. నీళ్ళు కుళ్ళు వాసనేస్తున్నాయి, చేపలు ఇవాళే పట్టించేస్తానంటుంది. అప్పుచేసి చేపపిల్లలు వదిలిన మనిషి. చెరువుల లెక్కలు కట్టే శాస్త్రవేత్త చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. లెక్క తప్పినప్పుడల్లా తన కంప్యూటర్ నమూనాకు ఇంకో సూత్రం తగిలించడం ఆయన అలవాటు, అప్పటికి ముప్పయ్యేడయ్యాయి. ఆ సూత్రాలన్నీ చేపలకు ఢోకా లేదన్నాయి. “ఇంకో నెల పెరగనీ అక్కా, పూచీ నాది” అన్నాడు. తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆయన చెరువు దగ్గరికొచ్చి, ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి, సాయంత్రందాకా ఆమెతోపాటు గంపలకెత్తాడు. “ముక్కు మూసుకోకండి, మీరు వదిలేసిన లెక్క అదే” అందామె. ఇంటికొచ్చి ముప్పయ్యెనిమిదో సూత్రం మొదలుపెట్టాడు గానీ, ఆ వాసనకు ఏ అంకె వెయ్యాలో తోచక చెరిపేశాడు. ప్రకృతి మహిమంటూ వేదాంతమూ చెప్పలేదు. ఆమె అప్పు నెలనెలా తన జీతంలోంచి కడుతున్నాడు. ఇంకా పద్దెనిమిది వేలు బాకీ ఉంది.