పంతొమ్మిదో నోరు

వెంకటనారాయణ సారు కిటికీలో ఉన్న స్టీలు గ్లాసులోంచి పళ్ళు తోముకునే బ్రష్షులు ఒక్కొక్కటిగా తీసి, కుచ్చు మీద బొటనవేలు ఆనించి, చెవి దగ్గర పెట్టుకుని టకటకా మీటుతున్నాడు. "నమస్తే సార్" అన్న కవిత టీచరు వంక చూడలేదు. ఆమె నెలరోజులు కూర్చుని గీసి గోడ నిండా అతికించిన రంగుల చార్టుల వంకా చూడలేదు. ఆయన సంగతే అంత. నోరు చెప్పింది ఏదీ నమ్మడు. చెయ్యి చేసి చూపించాలి.

సత్తుపల్లి వైపు మనిషి. ఇంటి దగ్గర పొలం తమ్ముడికి వదిలేసి, ఈ అడవి అంచుకి పంతులుగా వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు పద్నాలుగు ప్రాథమిక బడుల మీద కాంప్లెక్స్ హెడ్మాస్టరు. బడులకు వెళ్ళి, పాఠాలు విని, మార్కులెయ్యడం ఆయన డ్యూటీ. అందులో మార్కులెయ్యడం ఒక్కటే చేస్తాడు. విన్న పాపాన పోడు. టీచరు నోరు తెరవగానే "చెప్పొద్దమ్మా, చేసి చూపించు" అంటాడు. ఆయనెక్కిన బండి మలుపు తిరుగుతోందంటే పద్నాలుగు బడుల్లోనూ టీచర్ల చేతిలో సుద్దముక్క ఆగిపోతుంది.

ఒకసారి ఒక ఊరి హెడ్మాస్టరు మాటవరసకి, "మా బడి గంట ఊరి చివరి ఇంటిదాకా ఇనపడ్తది సార్" అన్నాడు. ఇంకెవరైనా అయితే తలూపి ఊరుకునేవాళ్ళు. సారు చెప్పులేసుకుని చివరి ఇంటిదాకా నడిచాడు. అక్కడ అరుగు మీద కూర్చుని ఫోన్ చేశాడు. "కొట్టించు."

కొట్టారు.

"ఊఁ, కొట్టించు."

"కొడ్తనే ఉన్నం సార్!"

"కొడుతున్నామని చెప్పకు. కొట్టు."

అలా పదకొండుసార్లు కొట్టారు. పన్నెండోసారికి, బడి వదిలేశారనుకుని పిల్లలందరూ సంచులు భుజాన వేసుకుని సారు ముందునుంచే ఇళ్ళకు పోయారు. "వినపడకపోయినా పనిచేస్తోంది" అని రాసుకున్నాడు సారు.

ఇంకో బడిలో, "పిల్లలందరికీ గుడ్డు పెడుతున్నాం సార్" అన్నారు. సారు పెరట్లోకి వెళ్ళి, గొంతుక్కూర్చుని, చెత్తలోంచి గుడ్డు డొల్లలు ఏరి వరసగా పేర్చాడు. ముప్పయ్యొక్కమంది పిల్లలకి పదిహేడు గుడ్ల డొల్లలు తేలాయి.

"మిగతావి?"

"కుక్క తిన్నది సార్."

"పిలవండి దాన్ని."

కుక్క వచ్చింది. సారు దాని ముందు ఒక డొల్ల పెట్టాడు. అది వాసన చూసి, అవమానం జరిగినట్టు మొహం పెట్టి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి ఆ బడిలో ముప్పయ్యొక్క గుడ్లు ఉడికాయి.

ఆయన భార్య ప్రమీలారాణమ్మ అంటుంది: "పెళ్ళయి ముప్పయ్యేళ్ళు. నువ్వంటే ఇష్టమని ఒక్క రోజూ అనలేదు మా ఆయన. పొద్దున్నే నేను లేచేసరికి కాఫీ మాత్రం పెట్టి ఉంచుతాడు. నేనడిగితే, 'తాగి చూడు, తెలుస్తుంది' అంటాడు."

అలాంటి మనిషి ఇవాళ ఇప్పగుంపు తండా బడికి, దంతాల శుభ్రత పాఠానికి మార్కులెయ్యడానికి వచ్చాడు.

కవితకి ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. వాళ్ళ తండాలో సర్కారు ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల ఆమె. పాఠం చెప్పడమంటే ప్రాణం. కానీ ఇప్పటికి రెండుసార్లు, వేరే అధికారులు వచ్చి చూసి, ఆమె పాఠాలకు 'సి' వేసి వెళ్ళారు. మూడోసారీ 'సి' వస్తే మెమో వస్తుంది. మెమో అంటే సర్వీసు పుస్తకంలో మచ్చ. ముందురోజు, సారుని తన బండి మీద ఊరూరా తిప్పే సి.ఆర్.పి. హరిలాల్ ఫోన్ చేసి, "మేడం, మాటలతోని కాదు, జర పైలం" అన్నాడు. కవితకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

సారు చివరి బ్రష్షు మీటి గ్లాసులో పడేశాడు.

"ఇవి నోరు చూసినట్టు లేవే?"

"ఆరోగ్య కార్యక్రమంల పంచిండ్రు సార్" అంది కవిత. "ఇంటికి తీస్కపోతే ఖరాబైతయని బళ్ళెనే భద్రంగ పెట్టిన."

"బ్రష్షులు బళ్ళో ఉన్నాయి. మరి పళ్ళు?"

"ఇంటికాడ సార్... అంటే, నోట్లెనే సార్."

హరిలాల్ దగ్గొచ్చినట్టు బయటికి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

"టీచర్, పాట పాడాల్నా?" అని లేచాడు శివ. క్లాసులో మొదటివాడు. అడక్కుండానే మొదలుపెట్టేశాడు. రోజుకు రెండు పూటలు, పూటకు రెండు నిమిషాలు, పైకీ కిందికీ, లోపలా బయటా, నాలుక మరవకు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. కవిత మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

సారు వాడి చేతిలో బ్రష్షు పెట్టాడు. "చెయ్యి."

శివ బ్రష్షుని నోట్లో అడ్డంగా పెట్టి, కొడవలి నూరినట్టు పదకొండు సెకన్లు నూరి, ఉమ్మేసి, "అయింది సార్" అన్నాడు.

"పైకీ కిందికీ అన్నావు కదరా?"

"అది పాటల సార్."

తర్వాత జమ్లి వచ్చింది. ముందున్న నాలుగు పళ్ళు మాత్రం అద్దంలా మెరిసేదాకా తోమి ఆపేసింది.

"వెనకవి ఎవరు తోముతారమ్మా?"

"అవి ఎవ్వలకు కనపడయ్ కద సార్."

పద్దెనిమిదిమందీ అయ్యారు. ఏ ఒక్కరి చేతికీ వాళ్ళ నోరు పాడిన పాట తెలియదు. కవితకి గోడ మీద చార్టులు తన వంకే చూసి నవ్వుతున్నట్టనిపించింది.

"ఇప్పుడు నువ్వు చెయ్యమ్మా" అన్నాడు సారు.

"నేనా సార్?"

పిల్లలు బెంచీలెక్కారు. కవిత తన సంచిలోంచి, మధ్యాహ్నం అన్నం తిన్నాక వాడే సొంత బ్రష్షు తీసి తోమడం మొదలుపెట్టింది. సారు ఫోన్ టార్చి వేసి, బావిలో పడిన బొక్కెన కోసం చూసినట్టు ఆమె నోట్లోకి చూశాడు. పిల్లలు నూట ఇరవైదాకా లెక్కపెట్టాలి. వంద దాకా కలిసే పోయారు. వంద దాటాక సగంమంది నూటొకటి అన్నారు, సగంమంది రెండొందలన్నారు. ఆ గొడవలో కవిత బ్రష్షు ఆపింది. సారు కాగితం మీద ఏదో రాసుకుని హాజరు పట్టీ తీశాడు.

"పట్టీలో పంతొమ్మిది. నేను చూసినవి పద్దెనిమిది. పంతొమ్మిదో నోరు ఏదమ్మా?"

కవిత కిటికీ వంక చూసింది.

"మొక్కలకు నీళ్ళు పోస్తాంది సార్."

"పొద్దుట్నించీ పోస్తూనే ఉంది, వస్తూ చూశాను. అవి మొక్కలా, వరిమళ్ళా?"

ఇంక దాచి లాభం లేదు. "ఆమె పేరు ఉంగి సార్" అంది కవిత తలొంచుకుని. "గుట్ట అవతలి ఆదివాసీ గుంపుల నుంచి వచ్చి మూడు నెలలైతాంది. తెలుగు రాదు. మా లంబాడి నాకొస్తది గని, ఆమె మాట నాకు రాదు. పోయినసారి వచ్చిన సారు ఏమడిగినా గోడకు ఆనుకొని చూస్కుంట నిలబడ్డది. 'ఏమీ రాదు' అని రాసిండు. సి వచ్చింది. గందుకే ఇయ్యాల... నేనే బయట ఉండుమన్న సార్."

తిడతాడనుకుంది. సారు బయటికి నడిచాడు. కవితా, హరిలాలూ, పద్దెనిమిదిమంది పిల్లలూ వెనకే వెళ్ళారు.

ఉంగి ఇంతమందిని ఒక్కసారి చూసి, మగ్గు గుండెకు హత్తుకుని గోడకు అంటుకుపోయింది. సారు ఆమె ముందు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. నోరు తెరిచి, రెండు వేళ్ళు లోపల పెట్టి, టక్కున ముందుపళ్ళు నాలుగూ ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

తండా బడి గొల్లుమంది. ఉంగి చేతిలో మగ్గు కింద పడింది. మూడు నెలల్లో ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి చప్పుడు విన్నది కవిత. పకపకా నవ్వు.

"సార్, మీ పండ్లు ఏమైనయ్?" అని అరిచాడు శివ.

"మా బళ్ళోనూ ఇలాంటి పాటే ఉండేదిరా" అన్నాడు సారు బోసినోటితో. "నేనే బాగా పాడేవాణ్ణి."

కట్టుడు పళ్ళు మళ్ళీ పెట్టుకుని, తన నోటి మీద వేలితో తట్టి, ఉంగి నోటి వైపు చూపించి, 'నీ సంగతి?' అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఉంగి ఒక్క క్షణం ఆలోచించింది. కంచె పక్కనున్న గానుగ చెట్టు దగ్గరికి వెళ్ళింది. రెండు కొమ్మలు వంచి చూసి వదిలేసి, మూడోదాన్నుంచి చిటికెనవేలంత లావు పుల్ల విరిచింది. బెరడు వొలిచి, కొస నమిలి, నార కుచ్చులా అయ్యేదాకా నమిలి, అప్పుడు మొదలుపెట్టింది. వెనక దంతాల నుంచి ముందుకి వచ్చింది. ఒక్కో పన్ను పైనుంచి కిందికి, లోపల, బయట, చిగుళ్ళు నొవ్వకుండా. ఎడమ వైపు అయ్యాక పుల్ల చెయ్యి మార్చుకుంది. తొందర లేదు. ఎవరో చూస్తున్నారన్న ధ్యాసా లేదు. అంతా అయ్యాక పుల్లని నిలువునా చీల్చి, బద్దతో నాలుక గీసుకుంది. పుడిసెడు నీళ్ళతోనే మూడుసార్లు పుక్కిలించి, మిగిలిన నీళ్ళు బొప్పాయి మొదట్లో పోసింది.

సారు గడియారం చూడటం మరిచిపోయాడు. మంచి వడ్రంగి చిత్రిక పడుతుంటే చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపటికో, "నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత పనిమంతురాల్ని చూడలేదయ్యా" అన్నాడు హరిలాల్‌తో. తర్వాత కవిత వైపు తిరిగాడు.

"గంట కొట్టడానికి ఇంకా టైముంది. పాఠం మళ్ళీ చెప్పిద్దాం. చెప్పేది నువ్వు కాదు."

బ్రష్షులు గ్లాసులోంచి బయటికొచ్చాయి. వరండాలో పిల్లలు వరసగా నిలబడ్డారు, చివర కవిత. వాళ్ళ ముందు పుల్ల పట్టుకుని ఉంగి. ఆమె ఎలా చేస్తే వాళ్ళూ అలా. శివ చెయ్యి అలవాటు కొద్దీ అడ్డంగా పోయింది. ఉంగి వచ్చి వాడి మణికట్టు పట్టుకుని నిలువుగా తిప్పింది. మళ్ళీ అడ్డం పోయింది. మళ్ళీ తిప్పింది.

"టీచర్, గీ పిల్ల నన్ను కొడ్తాంది!"

"కొడ్తలేదు రా, తిప్పుతాంది" అంది కవిత నోటి నిండా నురగతో.

జమ్లి దగ్గర ఉంగి తన నోరు వీలైనంత తెరిచి, వెనక దంతాలు ఒక్కొక్కటీ వేలితో ముట్టి చూపించింది. జమ్లి కళ్ళు పెద్దవి చేసి, "గన్ని ఉంటయా!" అని లోపలికంటా బ్రష్షు పోనిచ్చింది.

సారు మళ్ళీ మొదట్నుంచీ పంతొమ్మిది నోళ్ళూ టార్చి వేసి చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టాడు. కవిత స్తంభం దగ్గర నిలబడింది. సారు కలం ఒకచోట ఆగి, అచ్చులో ఉన్న మాట ఒకటి అడ్డంగా కొట్టేసి, దాని పైన ఇంకేదో రాయడం కనిపించింది.

"గదేంది అన్నా?" అని హరిలాల్‌ని గుసగుసగా అడిగింది.

"'నోటి జవాబులు' అని ఇరవై మార్కుల గడి ఉంటది మేడం. సారు ప్రతి బడిల గది కొట్టేసి 'చేతలు' అని రాస్తడు. ఫారం దిద్దొద్దని పైనుంచి సారుకే మూడు మెమోలొచ్చినయ్."

"సారుకా? మెమోలా?"

సారుకి వినపడింది. తలెత్తకుండానే అన్నాడు. "ఇరవై రెండేళ్ళయిందమ్మా ఇక్కడికొచ్చి. లంబాడీ నాలుగు మాటలొచ్చు. నేను మాట్లాడితే మేకలు కూడా నవ్వుతాయి. గుంపుల్లో మాట అయితే అదీ రాదు. నేర్చుకోలేని తప్పు నాది. మార్కులు పోయేది పిల్లలవా?"

పద్నాలుగు బడుల టీచర్లు ఇన్నేళ్ళుగా ఈయన తమని నమ్మట్లేదనుకుంటున్నారు.

"సార్, రేపటి సంది ఉంగిని ముందు బెంచీల కూసోబెడ్త" అంది.

"చెప్పకు" అన్నాడు సారు.

కవిత వెళ్ళి ఉంగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, శివని పక్కకి జరిపి, మొదటి బెంచీలో కూర్చోబెట్టింది.

"బ్రష్షులు ఇంటికి పంపించు. ఖరాబు కావడానికే తయారుచేశారు వాటిని" అని సారు ఫారం ఆమె చేతిలో పెట్టాడు. "చదువుకుని సంతకం పెట్టమ్మా."

పాఠం: దంతాల శుభ్రత. గ్రేడు: ఏ. పాఠం చెప్పినవారు: కవిత, ఉంగి. చేతలు: ఇరవైకి ఇరవై. పంతొమ్మిది నోళ్ళూ స్వయంగా చూశాను, శుభ్రంగా ఉన్నాయి.

కవిత కళ్ళు చివరి వరుస దాకా వెళ్ళి ఆగాయి. సూచనలు అన్నచోట సారు గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'టీచరుగారికి కుడివైపు బాగుంది. ఎడమవైపు వెనక మూడు పళ్ళు మిగిలాయి. నెల తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాను.'

"సార్! ఇది పైకి పోతదా?"

"ఫారం కదమ్మా. పోతుంది."

కవిత కలం మూత తీసింది. ఎందుకైనా మంచిదని నాలుకతో ఎడమవైపు ఒకసారి తడిమి చూసుకుంది. సంతకం పెట్టి, కాగితం సారు చేతికిచ్చింది.