సూర్యాపేట దవాఖానలో నా తెల్లచొక్కా

2013 వానాకాలంలో ఒక పొద్దున నా బిడ్డ మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. కాన్పుకు తనను కోదాడ తెచ్చుకోవడానికి మేము మంచిరోజు వెతుకుతుండగానే మనవరాలు ఎనిమిదో నెలలో పుట్టేసింది. ఆగే ఓపిక లేకపోవడంలో అచ్చం నా పోలికే. బరువు తక్కువ, పైగా కామెర్లతో ఒళ్లు పచ్చబడుతోందట. పుట్టిన నర్సింగ్‌హోంలో పసిపిల్లల డాక్టరు లేరు. సూర్యాపేటలో ఒక దవాఖానకు తీసుకుపోతే హైదరాబాద్ డాక్టరమ్మ కంప్యూటర్ తెర మీద చూసి, అక్కడే ఉంచాలో తన దగ్గరికి పంపాలో చెబుతుందన్నారు. కాన్పు ఆపరేషన్ అయిన నా బిడ్డ మంచం దిగలేదు. పసిగుడ్డుతో అల్లుడూ, వాళ్లమ్మా కిరాయి కారులో బయలుదేరారు. నేను ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని కోదాడ బస్టాండుకు ఉరికాను.

కోదాడ నుంచి హైదరాబాద్ పోయే ఏ బస్సయినా గంటలో సూర్యాపేటలో దించుతుంది, టికెట్టు ముప్పై చిల్లర. కాకపోతే ఊళ్లోకి పోతుందో, బైపాస్ మీదే వదిలేస్తుందో ఎక్కేముందే అడగండి. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చేవాళ్లకు గంటన్నర పడుతుంది. బస్టాండు దగ్గర ఆటో అతనికి కంప్యూటర్ డాక్టరుండే దవాఖాన అన్నాను. అతను నన్ను కిందికీ పైకీ చూసి, "డాక్టరు టీవీల కూసుంటే సూది ఏడికెల్లి పొడుస్తదన్నా?" అన్నాడు. వైరులోంచి వస్తుందని చెప్పాను. నమ్మినట్టే ఉన్నాడు పాపం.

నేను చేరేసరికి వాళ్లు వచ్చి ఉన్నారు. పిల్లకు రక్తం తీసి పరీక్షకు పంపారు. నర్సమ్మ కెమెరా ముందు పడుకోబెట్టింది. తెర మీది డాక్టరమ్మ చాలాసేపు చూసి, "పిల్ల పచ్చగా ఉందా, బట్ట పచ్చగా ఉందా? నాకు తెలియడం లేదు. తెల్లబట్టలో పెట్టండి" అంది. నిజమే, మా వియ్యపురాలు శుభమని పసుపునీళ్లలో తడిపి ఆరేసిన బట్టలో చుట్టి తెచ్చింది. దవాఖాన దుప్పట్లన్నీ ఆకుపచ్చవి. నర్సమ్మ వార్డులోంచి కొత్త తెల్లబట్ట తేగానే వియ్యపురాలు పిల్లను గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుంది.

"పచ్చిపిల్లకు తెల్లగుడ్డ కప్పుతరా? పీనుగ మీద కప్పేది గది. నా పానం పోయినా కప్పనియ్య."

అల్లుడు బతిమాలాడు. ఆమె కదల్లేదు. తెర మీద డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. జేబులో నా ఫోన్ మోగుతూనే ఉంది, బిడ్డే. నేను కల్పించుకుంటే వియ్యపురాలు, "నీ మాట ఎవలు నమ్ముతరన్నా? లగ్గంల నాకు ఉప్పు షర్బత్ తాపినవ్" అంది. ఆ షర్బత్ ఇంత దూరం వస్తుందనుకోలేదు.

"అక్కా, ఇది నవ్వులాట కాదు. మీ ఊర్లో పుట్టిన పిల్లకు ముందుగాల కొత్తబట్ట వేస్తారా, పాతదా?"

"పాతదే. ఇంట్ల పెద్దోళ్లు కట్టిడిసింది. ఆయుష్షని."

"మరి నేను తాతను కాదా?"

చొక్కా విప్పి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది, మెడ దగ్గర మాసిన మరక చూసింది. "బాగనే పాతది" అని మెల్లగా పిల్లను అందులో పడుకోబెట్టింది.

నర్సమ్మ వేలితో నుదురు, రొమ్ము, కాళ్లు నొక్కి చూపించింది. నా చొక్కా మీద పిల్ల అసలు రంగు తేలింది. మొహం, రొమ్ము పచ్చగా ఉన్నాయి, కాళ్లకు పాకలేదు. రక్తపరీక్ష కూడా అదే మాట చెప్పింది. హైదరాబాద్ అక్కర్లేదు, ఇక్కడే కామెర్లు తగ్గించే నీలంలైటు కింద ఉంచండి, రోజూ నేను చూస్తానంది డాక్టరమ్మ. ఫోన్ ఎత్తి, "ఏం భయం లేదు బిడ్డా, నీ కూతురు నా చొక్కా గుంజుకుంది" అన్నాను. అవతల ఏడుస్తూనే నవ్వింది.

సాయంత్రం బనీనుతోనే బస్సెక్కాను. చొక్కా ఏదని కండక్టర్ అడిగితే మనవరాలు వేసుకుందన్నాను. ఎంతుంటదని అడిగాడు. జానెడు చూపించాను. తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి. హైదరాబాద్ డాక్టరమ్మ కంటికి, సూర్యాపేట నర్సమ్మ వేలికి మధ్య నా చొక్కా కూడా ఒక పని చేసిందని కోదాడ దాకా ఛాతీ విరుచుకునే కూర్చున్నాను. చలి వేసిన మాట నిజమే, ఒప్పుకోను. మీరూ ఇలా పసిపిల్లను తెర ముందుకు తీసుకుపోతుంటే పసుపు బట్ట ఇంట్లో పెట్టి, ఉతికిన మెత్తని తెల్ల పాతబట్ట ఒకటి సంచిలో వేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లదైతే నాయనమ్మలు కూడా అడ్డం చెప్పరు.