బీదర్‌లో జపాన్ పద్ధతి

శనివారం పొద్దున లింగంపల్లిలో బీదర్ రైలెక్కాను. హైటెక్ సిటీ ఉద్యోగం మిగిల్చే రెండు రోజుల్లో అక్కకు సాయం చేసి రావాలని. ఫోన్లో ఆమె చెప్పింది ఒక్కటే: "సోమవారం నౌబాద్ బడిల మళ్ల చేరాలె, లేకుంటే ఉద్యోగం పోతది. అత్తమ్మ నా చేతితోని తప్ప తింటలేదు. రా."

పక్కసీటు పెద్దాయన అడిగాడు. "కోట చూడనీకి పోతున్నవా?"

"లేదు, జావ తాగించడానికి."

ఆయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

వికారాబాద్‌లో చాయ్, జహీరాబాద్‌లో పల్లీలు, మధ్యాహ్నానికి బీదర్. అక్క ఇల్లు గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్ వెనకే. బస, భోజనం ఉచితం, చాకిరీ అదనం.

అత్తమ్మకు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మాటకేమీ కాలేదని డాక్టరు చెప్పినా, రెండు నెలలుగా పెదవి విప్పలేదు. బావ గంజ్‌లో కందుల వ్యాపారి. "తిను, తిను" అంటూ లారీకి బస్తా ఎత్తినట్టే చెంచా ఎత్తుతాడు. ఆమె నోరు మూసేస్తుంది.

అక్కకు గురువు ఫోన్లోని జపాన్ సీరియల్, తెలుగు మాటలతో. అందులో ముసలాయన్ను చూసుకునే అమ్మాయి ఆయన్ను ముట్టుకునే ముందు అనుమతి అడుగుతుంది. ఎవరూ అరవరు. జావ పెట్టి పక్కన కూర్చుంటారు, బయట వాన పడుతుంది, లోపల మనసు కుదుటపడుతుంది. అక్క ఏడుస్తుంది. ఏడ్చి లేచి, అదే పద్ధతిలో "అత్తమ్మా, లేపాల్నా?" అని అడిగి లేపుతుంది.

సాయంత్రం నా వంతు. అక్కను నవ్విద్దామని వంగి దండం పెట్టి, సీరియల్ గొంతుతో అన్నాను: "మన్నించండి అమ్మగారూ, ఒక చెంచా జావ మీకు తాగించవచ్చా?"

అత్తమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "బ్యాంకోని లెక్క మాట్లాడుతుండేందే వీడు?"

రెండు నెలల తర్వాత మొదటి మాట. జపాన్ వాళ్లయితే ఇక్కడ పియానో వాయించేవారు. బావ పరుగెత్తుకొచ్చి చెంచా ఎత్తాడు. "తాగమ్మా." నోరు మళ్లీ మూతపడింది.

"అడుగున్రి," అంది అక్క.

"కన్నతల్లిని అడుగుడేంది?"

"అందుకే అడుగాలె."

ఆదివారం మధ్యాహ్నం దాకా ఆయనకు నోరు రాలేదు. చివరికి గిన్నె పట్టుకుని, గోడవైపు చూస్తూ, "అమ్మా... పెట్టాల్నా?" అన్నాడు.

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"అడుగుతున్న."

"అయితే పెట్టు."

గిన్నె ఖాళీ అయ్యింది.

సాయంత్రం రైలెక్కాను. కోట చూడలేదు, అది ఎక్కడికీ పోదు. జహీరాబాద్ దాటాక అక్క ఫోన్ చేసింది.

"రేపు బడికి చీర ఇస్త్రీ చేసుకున్న రా. మీ బావ నన్ను గూడ అడుగుతుండు, చాయ్ పెట్టాల్నా అని. నాకు భయమైతాంది."

"తాగు," అన్నాను.

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. సీరియల్ ఏదీ నడుస్తున్నట్టు లేదు.