రంగుల ఆంటీ, పిడకల గోడ

ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకాల్సిందే. ఎమ్మెస్సీ చదవడానికి కార్డిఫ్ వెళ్లిన నాకు లోకమంతా తెలుసనే ధీమా ఉండేది (వండడం వచ్చినది మాత్రం పప్పొక్కటే). నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడది డెన్మార్క్. నేను ‘రంగుల ఆంటీ’ అనేవాణ్ణి. ఇరవై ఏళ్ల వయసులో రంగుల పెట్టె భుజాన వేసుకుని ఇల్లు వదిలి, ఓడల్లో, లారీల్లో దేశాలు తిరిగిందట. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి పొట్టపోసుకుంటూ, చూసిన ఊళ్ల మీద తనే రాసి, తనే బొమ్మలు గీసి యాత్రా పుస్తకాలు తెచ్చిందట. చివరికొక వెల్ష్ నావికుణ్ణి పెళ్లాడి కార్డిఫ్‌లోనే స్థిరపడింది. ఆయన పోయి చాలా కాలమైంది. డెబ్భై దాటినా ఆమెకు తెలియనిది కనిపిస్తే కాలు నిలిచేది కాదు. నా కుక్కర్ కూసినప్పుడల్లా పెన్సిలు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చేది. నేను కాలేజీకి బయల్దేరుతుంటే ‘నేంగాదు!’ అని చెయ్యి ఊపేది. డేనిష్‌లో వెళ్లిరమ్మనడం కాబోలనుకుని, నేనూ ‘నేంగాదు ఆంటీ’ అని మర్యాదగా బదులిచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం, తన పాత పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారని చెప్పి, అట్ట మీదికి వెళ్లే బొమ్మ చూపించింది. వయసులో ఉండగా మన దేశంలో గీసిందట. గోడ నిండా గుండ్రటి బిళ్లలు, ఒక్కోదాని మీద అయిదు వేళ్ల ముద్ర. పక్కన కొంగు బిగించిన ఒకావిడ. పైన వంకరటింకరగా తెలుగు అక్షరాలు! చదవడం రాకపోయినా చూసింది చూసినట్టు దించేసింది.

“ఇవి సూర్యుడి బొమ్మలు, పైన ఉన్నది మంత్రం. అవునా?” అంది ఆశగా, ఇంగ్లీషులో.

చదివాను. ‘ఈ గోడకు పిడకలు కొట్టరాదు.’

ఆ పుస్తకంలో సూర్యపూజ మీద ఒక అధ్యాయమే ఉంది. చెప్తే పెద్దావిడ మనసు నొచ్చుకుంటుంది, చెప్పకపోతే లోకం నవ్వుతుంది. చివరికి చెప్పేశాను. (పిడక అంటే ఏమిటో ఇంగ్లీషు చాలక, చేతులతో అభినయించాను.)

ఆమె బొమ్మను దగ్గరికి లాక్కుని మళ్లీ చూసింది. “మరి ఆవిడ నన్ను చూడగానే ‘నేంగాదు’ అని వెళ్లిపోయిందే! అది మీ వీడ్కోలని రాశాను.”

“అది ‘నేను కాదు’ ఆంటీ. మీరు గోడ తాలూకు మనిషనుకుని, పిడకలు కొట్టింది తను కాదని చెప్పి ఉంటుంది.”

(అంటే నేను రోజూ పొద్దున్నే చెయ్యని నేరాలు కాదనుకుంటూ కాలేజీకి వెళ్లానన్నమాట.)

ఆమె కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నవ్వి నవ్వి, బొమ్మలోని మనిషిని వేలితో తడిమింది. “పాపం, సిగ్గరి అనుకున్నాను. భయపెట్టానా?” అంది. మరుక్షణమే, “ఈ అధ్యాయం మళ్లీ రాయాలి. ముందు నాకది నేర్పు” అంది.

గ్యాస్ పొయ్యి ఇంట్లో పుట్టిన నాకు పిడకలేం తెలుసు? అమ్మకు ఫోన్ చేశాను.

“పిడకలు కొట్టడానికేరా నువ్వు ఇంగ్లండు ఎల్లింది?” అని అమ్మ కేకలేసింది. మళ్లీ తనే, “ఊక కలపరా, లేపోతే జారిపోద్ది. ఆ పెద్దావిడ జాగర్త” అంది.

ఊక దొరకలేదు. తరిగిన గడ్డితో సరిపెట్టుకుని, బస్సెక్కి ఆమెకు తెలిసిన రైతు పశువుల పాకకు వెళ్లాం. పేడ ఎందుకని ఆయన అడిగితే, “గోడకు కొట్టడానికి” అన్నాను. ఆయన ఇంకేం అడక్కుండా లోపలికి వెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. ఆంటీ కొట్టినవి అతుక్కున్నాయి. నావి ఒక్కొక్కటే జారి నా బూట్ల మీదే పడ్డాయి. చివరికి ఆ రైతు కూడా చొక్కా చేతులు మడిచి నా పక్కన చేరాడు.

కొత్త పుస్తకం అదే అట్టతో, తిరగరాసిన అధ్యాయంతో వచ్చింది. అందులో నా బొమ్మ కూడా ఉంది. పరువు పోతుందని స్నేహితులకు చూపించకుండా దాచాను. ఈ మధ్య, ఇప్పుడు మేముంటున్న ఇల్ఫర్డ్‌లో, మా అమ్మాయి దాన్ని పైకి తీసి, “డాడీ, ఇజ్ దట్ యూ?” అంది. ఇన్నేళ్ల తర్వాత సరిగ్గా చూశాను. మోచేతుల దాకా పేడతో, ఆ కుర్రాడు తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయానని నేను ఇన్నాళ్లూ అనుకున్నది ఆ రోజు గురించే.