గోళెంలో తాబేలు

మనవరాలి పుస్తకం కూడబలుక్కుని చదువుతుంటే, మెట్ట తాబేలు బొమ్మ దగ్గర నా వేలు ఆగిపోయింది.

చిన్నప్పుడు, గొర్రెలు మేపే మా నాయిన మునగాల దగ్గరి గుట్ట మీద నుంచి అలాంటిదే తెచ్చిచ్చాడు. తాబేళ్లను నేను సాగర్ కాలువలోనే చూశాను. అందుకే పశువుల గోళెం కడిగి, నిండా నీళ్లు పోసి, నాచు, గులకరాళ్లు వేసి అందులో వదిలాను. అది మెడ చాచి గోడను గీరసాగింది.

“అమ్మా, సూడే, ఎట్ల ఆడుతున్నదో!”

“ఆడనియ్యి. నువ్వొచ్చి బువ్వ తిను, పోరీ.”

సాయంత్రం నాయిన దాన్ని బయటికి తీశాడు. కదల్లేదు.

“ఇది మెట్టది బిడ్డా. దీనికి ఈత రాదు.”

“మరి నాకు జెప్పలేదేంది నాయినా?”

“నీళ్లల్ల ఏస్తవని నాకేమెరుక?”

లంగాతో ఎంత తుడిచినా దాని నోట్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అది బయటపడాలని గీరుతుంటే, నేను పొద్దంతా పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టాను.